సవరణ: రాగి పెన్నీల రంగు, గ్రేడింగ్

పాత బ్రిటిష్ పెన్నీలపై గత పోస్టులో ‘ఎరుపు మెరుపు ఉంటే గ్రేడింగ్‌లో విలువ ఎక్కువ’ అని రాశాను (గ్రేడింగ్ అంటే నాణెం ఎంత బాగుందో చూసి స్థాయి నిర్ణయించడం). అది చదివి కొందరు నాణేలను చింతపండుతో తోమేద్దామనుకుంటున్నారు. దయచేసి ఆ పని చేయకండి! ఆ వాక్యానికి ఈ వివరణ కలిపి చదవండి.

అక్కడ చెప్పింది టంకశాల నుంచి వచ్చినప్పటి మెరుపు గురించి. గ్రేడింగ్ చేసే పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు రాగి నాణేలకు స్థాయిని తెలిపే నంబరుతో పాటు రంగునూ రాస్తాయి: ఆర్‌డీ అంటే ఎరుపు, ఆర్‌బీ అంటే ఎరుపు-గోధుమ, బీఎన్ అంటే గోధుమ. పూర్తిగా గోధుమరంగుకు తిరిగిన నాణేనికి కూడా ఎంఎస్ 65 (చలామణిలో అరగని నాణేలకిచ్చే మంచి నంబరు) రావచ్చు. తోమినట్టు తేలితే మాత్రం సాధారణంగా నంబరు ఉండదు, లేబుల్ మీద ‘డీటెయిల్స్, క్లీన్డ్’ (అంటే తోమిన నాణెం) అని పడుతుంది. దొరికిపోవడమూ తేలికే. 1797లో బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ కొట్టించిన ‘కార్ట్‌వీల్’ పెన్నీని భూతద్దం కింద ఏటవాలు వెలుతురులో తిప్పి చూడండి. తోమిన దానికి రాజు ముఖం చుట్టూ ఉన్న ఖాళీ చోట సన్నని గీతలు కనిపిస్తాయి, రంగు పాలిపోయిన గులాబీలా ఉంటుంది.

ఇంకొకటి: అదే పోస్టులోని ‘విక్టోరియా రాగి పెన్నీలు’ (విక్టోరియా రాణి కాలంవి) అన్నది 1860 వరకే వర్తిస్తుంది. ఆ ఏడాదే కంచు పెన్నీలు మొదలయ్యాయి. రాగిది సుమారు 18.8 గ్రాములు, కంచుది 9.4. సందేహముంటే తూకం వేస్తే చాలు.