లోహం ముట్టని నల్లపొడి గారికి

మురికినీళ్లలోని రంగుల్ని, విషాల్ని విరగ్గొట్టించే కర్బన ఉత్ప్రేరకం గారికి నమస్కారాలు.

తమరు లోహాన్ని ముట్టరని, కోబాల్టు పేరెత్తితేనే ముఖం తిప్పుకుంటారని మీ మీద వచ్చే పరిశోధన పేపర్లన్నీ మొదటి పేరాలోనే చాటేస్తాయి. మీ గొప్పను కాదనను. 1894లో ఫెంటన్ చూపిన ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడు జోడీకి నీళ్లు పీహెచ్ 3 దగ్గర పుల్లగా ఉండాలి. పనయ్యాక తుప్పురంగు బురద ఎత్తిపోసుకోవాలి. పెరాక్సీమోనోసల్ఫేటు అనే ఆక్సీకరణ లవణాన్ని విరగ్గొట్టి, మురికిని కొరికే చురుకైన ముక్కలను (రాడికల్స్) పుట్టించడంలో కోబాల్టుది అందెవేసిన చెయ్యే, కానీ కొంచెం కొంచెంగా తనే నీళ్లలోకి కరిగిపోతుంది. ఇల్లు తుడవడానికొచ్చి బురదకాళ్లతో తిరిగినట్టు. మీతో ఆ బాధ లేదు.

కానీ తమరి పుట్టుపూర్వోత్తరాలు అడగొచ్చా? మీ ఇంటి నానోట్యూబులు, అంటే కర్బనపు అతిసన్నని గొట్టాలు, చాలావరకు ఇనుము, కోబాల్టు, నికెల్ రేణువుల ఒడిలో పెరిగినవే. ఒక్క పరమాణువు మందాన ఉండే కర్బన పొర గ్రాఫీన్; దాని ఆక్సైడు హమ్మర్స్ పద్ధతిలో పుడితే మంత్రసాని పొటాషియం పర్మాంగనేటు. ఎంత కడిగినా మాంగనీసు జాడ పూర్తిగా వదలడం కష్టం. అయినా యాసిడ్‌లో ముంచితీసి, సీసా మీద ‘మెటల్-ఫ్రీ’ అని చీటీ అంటించేస్తాం. పని చేసింది మేం కావాలని చేర్చగా అంచున కూర్చున్న నైట్రోజనా, లోపల దాక్కున్న ఇనుమా అని ఎవరైనా అడిగితే అందరికీ ఒక్కసారే దగ్గొస్తుంది.

నైట్రోజన్ అంటే గుర్తొచ్చింది. 2020లో రసాయన శాస్త్రవేత్త మార్టిన్ పుమెరా బృందం గ్రాఫీన్‌లో పక్షిరెట్టను డోప్ చేసి, అంటే కావాలని కలిపి, చూసింది. ఏమీ కలపని గ్రాఫీన్ కంటే అదే మెరుగ్గా పనిచేసింది! అది ఎలక్ట్రోడ్ల సంగతి, నీటిశుద్ధి కాదు లెండి. అయినా అప్పట్నుంచి డోపింగ్ అన్న మాట వింటే నా చెయ్యి ముక్కు మీదికి పోతోంది.

ఇక మొన్నటి విషయం. డిస్టిల్డ్ వాటర్‌లో మెథిలిన్ బ్లూ కలిపి మిమ్మల్ని చిటికెడు వేశాను. పెరాక్సీమోనోసల్ఫేటు డబ్బా మూత ఇంకా తియ్యనే లేదు, నీలం సగానికి పలచబడింది. మురిసిపోయి వడగట్టాను. ఫిల్టర్ పేపరు మీది మీ నల్లముద్దపై ఇథనాల్ పోస్తే, కిందికి నీలంగా దిగింది! విరగ్గొట్టమని రంగు చేతికిస్తే ఒళ్లో దాచుకుంటారా?

పోనీ, అసలు మురికినీళ్లలోకి దింపితే? అక్కడి బైకార్బనేటు, కుళ్లిన ఆకుల రసాలు మీరు పుట్టించిన రాడికల్స్‌ను దారిలోనే మింగేస్తాయి. నాలుగైదు సార్లు వాడేసరికి తమరి ఒంటికే ఆక్సిజన్ పట్టి చతికిలబడతారు. ఉత్ప్రేరకం చర్య చివర ఎలా ఉన్నది అలాగే మిగలాలని చిన్నప్పుడు బట్టీ పట్టినవాణ్ణి, నేనేం కావాలి?

రేపు పొద్దున ఫర్నేసు ఖాళీగా ఉంది. నైట్రోజన్ వాయువు పారిస్తూ 700 డిగ్రీల దగ్గర కాలుస్తాను, కాస్త తేరుకోండి. ఈసారి మాత్రం డబ్బా మూత తీసేదాకా నీలం జోలికి వెళ్లకండి.

ఇట్లు,
మీ నలుపు గోళ్లలోంచి వదలని,
బీకర్లు కడిగే మనిషి