‘నాలుగు వేలకే 48 మెగాపిక్సెల్ కెమెరా’: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆన్‌లైన్‌లో నాలుగు వేలకే 48 మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరా వస్తోందట. పెళ్లిళ్లలో వాడే, లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా డీఎస్ఎల్ఆర్‌లో ఉండేది 24 మెగాపిక్సెలే కాబట్టి ఇది దానికి రెట్టింపు మేలట. దీనికి 16 రెట్ల జూమ్ కూడా ఉందట. ఫోన్‌తో తీసినవి ప్రింటుకు పనికిరావట. సెకండ్ హ్యాండ్ కెమెరా కొంటే మునిగినట్టేనట. పాతదే కావాలనుకుంటే సీసీడీ అనే పాతరకం సెన్సర్ (వెలుగును ఫోటోగా మార్చే చిప్) ఉన్నదే కొనాలట, రంగులు ఫిల్ములా వస్తాయట.

వరసగా చూద్దాం. మొదటి మాట దగ్గర కాస్త ఎక్కువ సేపు ఆగాలి, మిగతా తప్పుల్లో సగం దాన్నుంచే పుట్టాయి.

“48 అంటే 24కి రెట్టింపు.” లెక్కల్లో నిజమే, ఫోటోలో కాదు. ఫోటోలో ఎన్ని చుక్కలున్నాయో మాత్రమే మెగాపిక్సెల్ చెబుతుంది. ఆ చుక్కలకు ఎంత వెలుగు అందిందన్నది లెన్సును బట్టి, దాని వెనకున్న సెన్సర్ సైజును బట్టి ఉంటుంది. నికాన్ డీ3500 లాంటి మామూలు డీఎస్ఎల్ఆర్‌లో సెన్సర్ 23.5 మిల్లీమీటర్ల వెడల్పు, 15.6 మిల్లీమీటర్ల ఎత్తు. పేరున్న కంపెనీల జేబు కెమెరాల్లో ఎక్కువగా కనిపించేది సుమారు 6.2, 4.6 మిల్లీమీటర్లది. వైశాల్యంలో మొదటిది 13 రెట్లు పెద్దది. నాలుగు వేల కెమెరాలో చాలాసార్లు ఆ చిన్నదానికన్నా చిన్నది పెడతారు.

ఇంతా చేసి ఆ 48 కూడా అసలు 48 కాదు. ఈ రకం కెమెరాల్లో చాలావాటికి సెన్సర్ ఎనిమిదో, పదమూడో మెగాపిక్సెల్ ఉంటుంది. మిగిలిన చుక్కలను లోపలి చిప్ పక్క చుక్కల రంగు చూసి ఊహించి నింపుతుంది. గ్లాసు మజ్జిగలో నీళ్లు పోసి ఆరు గ్లాసులు చేయడమే ఇది. మీ చుట్టాల్లో ఎవరైనా ఇప్పటికే కొని ఉంటే తేల్చుకోవడం తేలిక. గోడకు న్యూస్ పేపర్ అంటించి, మెనూలో 48 పెట్టి ఒకటి, 8 పెట్టి ఒకటి తీయండి. కంప్యూటర్‌లో రెండింటినీ పెద్దవి చేసి చిన్న అక్షరాలు చదవండి. 8లో చదవలేని అక్షరం చాలావరకు 48లోనూ చదవలేరు. ఫైల్ మాత్రం లావెక్కుతుంది.

“మరి మా ఫోన్‌లోనూ 50 మెగాపిక్సెల్ అని రాసుందిగా?” అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లలో మామూలుగా నాలుగేసి చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటో ఇస్తారు. అంటే అక్కడ ఉన్నదాన్ని కుదిస్తున్నారు, ఇక్కడ లేనిదాన్ని సాగదీస్తున్నారు. ఇప్పటి మధ్యరకం ఫోన్లలో చాలావాటి మెయిన్ సెన్సర్ జేబు కెమెరా సెన్సర్ కన్నా పెద్దది కూడా. చీకట్లో ఫోన్ వరసగా చాలా ఫ్రేములు తీసి ఒకటిగా కలుపుతుంది. నాలుగు వేల కెమెరాకు ఆ తెలివి లేదు.

తేడా బాగా తెలిసేది మన బరంపురం ఠాకురాణి యాత్రలో. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతరలో చూడాల్సినదంతా రాత్రిపూటే: వీధి దీపాలు, సీరియల్ బల్బులు, వేషాలు కట్టి ఆడేవాళ్లు. చిన్న సెన్సర్ అక్కడ మొహాల మీద ఇసుక చల్లినట్టు గరుకు తెస్తుంది. ఫోన్ నైట్ మోడ్‌లో నిలబడ్డవాళ్లు బాగానే వస్తారు, ఆడేవాళ్లు అలుక్కుపోతారు. అలాంటి చోటే పెద్ద సెన్సర్, దాని ముందు ఎఫ్1.8 లెన్స్ అక్కరకొస్తాయి. ఎఫ్ పక్కన అంకె ఎంత తక్కువైతే లెన్స్ అంత వెడల్పుగా తెరుచుకుంటుంది. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18-55 కిట్ లెన్స్ పూర్తి జూమ్‌లో ఎఫ్5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్1.8 దానికి దాదాపు పది రెట్లు వెలుగు లోపలికి వదులుతుంది.

ఇక 16 రెట్ల జూమ్. డబ్బా మీద దానికి ముందు ‘డిజిటల్’ అన్న మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. డిజిటల్ జూమ్ అంటే ఫోటో మధ్యలో ముక్క కోసి పెద్దది చేయడం, ఆ పని ఫోన్లో వేలితోనే చేయొచ్చు. 16 రెట్లంటే వెడల్పులో పదహారో వంతు, ఎత్తులో పదహారో వంతు. మిగిలేది 256వ వంతు. 48 మెగాపిక్సెల్ నిజమేనని ఒప్పుకున్నా రెండు లక్షల చుక్కలు కూడా మిగలవు. అసలు సెన్సర్ 8 అయితే ముప్పై వేల పైచిలుకు, అంతే. అందులో మొహం కాదుకదా, మనిషో చెట్టో కూడా తెలియదు.

నిజమైన జూమ్‌లో ఎక్కువగా కెమెరా ఆన్ చేయగానే లెన్స్ గొట్టం బయటికొస్తుంది. లెన్సే దూరాన్ని దగ్గర చేసే ఈ జూమే ‘ఆప్టికల్’. కేనన్ ఇక్సస్ 285 హెచ్ఎస్‌లో అది 12 రెట్లు, పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్‌లో 40 రెట్లు. ఆస్కా వైపు భేట్నోయి పొలాల్లో కృష్ణజింకలు తిరుగుతాయి. ఊరివాళ్లే వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. దగ్గరికి వెళ్తే అవి ఉండవు, వెళ్లకూడదు కూడా. అలాంటి వాటి కోసమైతే జేబు కెమెరా కొనడంలో అర్థముంది, ఫోన్ చేయలేని పని అది చేస్తుంది. కానీ పగటి వెలుగులోనే. పూర్తి జూమ్‌లో ఈ లెన్సులు ఎఫ్7 దగ్గరికి మూసుకుపోతాయి, సాయంత్రం ఆరు దాటితే పనికిరావు. ఋషికుల్య నది కలిసే సముద్ర తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టే రాత్రుల్లో ఎంత కెమెరా ఉన్నా ఫ్లాష్ వేయొద్దు, వెలుగుకు అవి బెదిరి దారి తప్పుతాయి. ఇది కెమెరా మాట కాదు గానీ చెప్పకుండా ఉండలేను.

“ఫోన్ ఫోటో ప్రింటుకు పనికిరాదు.” నాలుగుకు ఆరంగుళాల ప్రింటుకు, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 2.2 మెగాపిక్సెల్ చాలు. ఏ4 సైజుకు 8.7. ఫోన్ ఇచ్చే 12లో రెండూ ఇమిడిపోతాయి. ల్యాబ్‌లో మసకగా రావడానికి అసలు కారణం, ఫోటోను వాట్సాప్‌లో ఫోటోగానే పంపడం. అది దాన్ని కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి.

“సెకండ్ హ్యాండ్ అంటే మోసం.” నా లెక్కలో ఇది ఆ మెసేజ్‌లోకెల్లా ఎక్కువ నష్టం చేసే మాట. తక్కువ డబ్బులో మంచి కెమెరా దొరికే దారే అది. డీ3500, డీ3300, కేనన్ 1500డీ లాంటివి ఇళ్లలో మొదటి పుట్టినరోజుకు కొని, తర్వాత అల్మారాలో పెట్టేసినవి చాలా ఉన్నాయి. అలాంటిది దొరికితే నాలుగు వేల బొమ్మకు, దానికి పోలికే లేదు. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ అమ్మేది మాత్రం ఆచితూచి తీసుకోవాలి, షట్టర్ (ఫోటో తీసినప్పుడల్లా తెరుచుకుని మూసుకునే తెర) బాగా అరిగి ఉంటుంది. డీ3500 షట్టర్‌ను నికాన్ లక్ష ఫోటోలకు పరీక్షించింది. నికాన్‌తో తీసిన ఫోటో ఫైల్లోనే అప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారన్న లెక్క దాగి ఉంటుంది, చూపించమని అడగొచ్చు.

మన తీరంలో షట్టర్ కన్నా పెద్ద శత్రువు బూజు. గోపాల్‌పూర్, ఛత్రపురం గాలిలో తేమకు, వానాకాలం బ్యాగులో మూసిపెట్టిన లెన్సులో సాలెగూడు తీగల్లా ఫంగస్ పడుతుంది. లెన్స్ విప్పి, వెనక నుంచి టార్చి కొట్టి చూడండి. తీగలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. ఆకాశాన్ని ఎఫ్16లో ఒకటి తీస్తే సెన్సర్ మీద దుమ్ము మచ్చలుగా కనిపిస్తుంది. అది తుడిపిస్తే పోతుంది, బేరానికి మాత్రం పనికొస్తుంది. బిల్లు, కంపెనీ ఛార్జర్ అడగండి, దొంగ సరుకు అక్కడే బయటపడుతుంది. డీ3500, డీ3300లకు బాడీలో ఫోకస్ మోటర్ ఉండదు. నికాన్ లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ గానీ ఏఎఫ్-పీ గానీ లేకపోతే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

ముట్టుకోవడానికే టెన్షన్ పడే పెద్దవాళ్లకో, పిల్లలకో అయితే కొడాక్ ఎఫ్‌జడ్45 చూడండి. 16 మెగాపిక్సెల్, 4 రెట్ల ఆప్టికల్ జూమ్. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్సే (ఏఏ) రెండు వేస్తే పనిచేస్తుంది. గుణుపురం పల్లెల్లోని కిరాణా కొట్లోనూ అవి దొరుకుతాయి.

చివరిది సీసీడీ. ఆ రంగులు సీసీడీ వల్లే వస్తాయనడం అతి. కెమెరా లోపల రంగును ఎలా వండుతున్నారు, లెన్స్ ఏమిటి, మొహం మీద సూటిగా పడే ఫ్లాష్ ఎలాంటిది అన్నవే ఎక్కువ పని చేస్తాయి. 2014లో వచ్చిన సోనీ డబ్ల్యూ830లో సీసీడీ ఉంది, వీడియో మాత్రం 720పీ దాటదు. ఆ కళే ఇష్టమైతే కొనండి, తప్పులేదు. కాకపోతే మరీ పాతవాటితో మెమరీ కార్డు తంటా ఉంటుంది. మొదటి తరం ఎస్‌డీ కార్డులు 2 జీబీ వరకే, 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ వరకే. ఎస్‌డీఎక్స్‌సీ 2009లో వచ్చింది కాబట్టి అంతకు ముందు తయారైన కెమెరాలో 64 జీబీ కార్డు పెడితే చాలాసార్లు ‘కార్డ్ ఎర్రర్’ అనే చూపిస్తుంది. డబ్బు ఇచ్చే ముందు, మీ దగ్గరున్న కార్డునే అందులో పెట్టి, కెమెరాలోనే ఫార్మాట్ చేసి, ఒక ఫోటో తీసి చూడండి.