సవరణ: కోర్‌బూట్ ఉంటే అంతా ఓపెనే అన్నది తప్పు

ప్రైవసీ ల్యాప్‌టాప్‌ల గురించి మొన్నటి పోస్టులో "కోర్‌బూట్ ఉంటే ఫర్మ్‌వేర్ మొత్తం ఓపెన్ సోర్సే, ఇంటెల్ ఎంఈ కూడా పోతుంది" అని రాశాను. కోర్‌బూట్ అంటే మెషీన్ ఆన్ అవగానే ముందు నడిచే ఫర్మ్‌వేర్‌కి ఓపెన్ సోర్స్ ప్రత్యామ్నాయం. ఎంఈ అంటే మేనేజ్‌మెంట్ ఇంజిన్, ఇంటెల్ చిప్‌లలో ప్రధాన ప్రాసెసర్‌తో సంబంధం లేకుండా నడిచే చిన్న కంప్యూటర్. రెండు మాటలూ తప్పే. అది నమ్మి ఎవరైనా డబ్బు పెట్టి ఉంటే మన్నించండి.

కోర్‌బూట్ సొంత కోడ్ ఓపెనే. కానీ కొత్త ఇంటెల్ చిప్‌లలో ర్యామ్‌ను సిద్ధం చేసేది ఎఫ్‌ఎస్‌పీ అనే ఇంటెల్ బైనరీ, అంటే సోర్స్ కోడ్ ఇవ్వని ప్రోగ్రామ్. అందులో ఏముందో మనం చదవలేం.

ఎంఈ సంగతి మోడల్‌ని బట్టి మారుతుంది. 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200లో దాన్ని పూర్తిగా తీసేయొచ్చు. ఎక్స్230లో కుదరదు. ఎంఈ క్లీనర్ అనే టూల్‌తో దాదాపు 5 ఎంబీ ఉన్న ఎంఈ ఫర్మ్‌వేర్‌ని 100 కేబీ లోపుకి కుదించవచ్చు, అంతే. ఆ మిగిలిన ముక్క కూడా తీసేస్తే మెషీన్ ఆన్ అయిన అరగంటకి దానంతటదే ఆగిపోతుంది. ఇంకా కొత్త వాటిలో హెచ్ఏపీ బిట్ అనే సెట్టింగ్ పెట్టి ఎంఈని ఆపుతారు. ఆపడం వేరు, తీసేయడం వేరు. నేను కలిపేసింది ఇక్కడే.

కొనేముందు అమ్మేవాళ్లని ఎంఈ తీశారా, ఆపారా, ఇంకా ఏయే బైనరీలు ఉన్నాయి అని విడివిడిగా అడగండి. పాత పోస్టులో ఆ పేరా కొట్టేశాను.