ప్యాటన్ ఎడారి శిబిరాల గురించి తిరుగుతున్న మాటలు ఎంతవరకు నిజం?

"రెండో ప్రపంచ యుద్ధంలో ఆఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్‌ను ఓడించడానికి అమెరికా జనరల్ ప్యాటన్ కాలిఫోర్నియా ఎడారిలో పది లక్షల మందికి తర్ఫీదునిచ్చాడు, యుద్ధం అయ్యాక అంతా ఎత్తేశారు, ఇప్పుడక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు, దొరికిన తూటాలు ఎవరైనా తెచ్చుకోవచ్చు" అనే మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. అందులో చాలా అంశాలు సవరించవలసినవే.

స్థలాన్ని ఎంచుకుని 1942 ఏప్రిల్‌లో శిక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది ప్యాటనే అయినా, ఆయన అక్కడ ఉన్నది సుమారు నాలుగు నెలలు మాత్రమే. ఆ తర్వాత 1944 వసంతం దాకా తర్ఫీదు నడిపించినవారు ఇతర సేనానులు.

లక్ష్యం ఆఫ్రికా ఒక్కటే అన్నదీ నిలవదు. అక్కడి పోరు 1943 మే నెలలోనే ముగిసినా ఎడారిలో శిక్షణ మరో ఏడాది సాగింది. ఆ కేంద్రంలోని శిబిరాలలో ఒకటైన క్యాంప్ ఐబిస్‌లో తర్ఫీదు పొందిన 4వ ఆర్మర్డ్ డివిజన్ (ట్యాంకుల దళం) ఐరోపాలో పోరాడగా, మరో శిబిరమైన క్యాంప్ క్లిప్పర్ నుంచి వెళ్లిన 33వ పదాతి డివిజన్ పసిఫిక్ దీవులలో పోరాడింది.

ఏమీ మిగల్లేదన్న మాట అన్నిటికన్నా బాధ కలిగించేది. సైనికులు ఉన్నది ప్రధానంగా గుడారాలలో కాబట్టి, అక్కడ గోడలు వెతికేవారికి నిరాశే మిగులుతుంది, చూడవలసింది నేలను. దారుల వెంట సైనికులు పేర్చిన రాళ్ల వరుసలు నేటికీ కనిపిస్తాయి. ఐరన్ మౌంటెన్ శిబిరంలో రాతి ప్రార్థనా వేదికలతో పాటు, ఆ ప్రాంతపు కొండలనూ లోయలనూ నేలపైనే మలచిన పెద్ద పటం కూడా ఉంది. ట్యాంకుల జాడలు ఎనభై ఏళ్లు దాటినా చెరగకపోవడానికి కారణం కూడా నేల స్వభావమే: పైన దట్టంగా పరుచుకున్న గులకరాళ్లు పక్కకు జరిగి, అడుగు మట్టి అణిగి గట్టిపడితే, వానే అరుదైన చోట నీరు ఇంకక, మొక్క మొలవక, ఆ మచ్చ మానడానికి ఎన్నో తరాలు పడుతుంది. రాళ్ల వరుసలను మాత్రం నేలలో పట్టి ఉంచేది ఏమీ లేదు, ఒక్క వాహనం మీదుగా పోయినా అవి చెదిరిపోతాయి.

తూటాల సంగతి. ఆ భూమిలో అధిక భాగం సమాఖ్య ప్రభుత్వానిది. అక్కడి చారిత్రక వస్తువులను తీసుకుపోవడం నిషిద్ధం. పైగా శిక్షణలో నిజమైన మందుగుండు వాడారు కనుక పేలని గుండ్లు ఇంకా ఉండవచ్చు. కనిపిస్తే ముట్టుకోకుండా దూరం జరిగి అధికారులకు తెలపాలి.