ఆ రెండు స్క్రూలు

మా కారు 2008 మోడల్ జపాన్ బండి. ఇల్లు చెన్నై తిరువాన్మియూరులో, సముద్రానికి దగ్గర. సాయంత్రం గాలి హాయిగానే ఉంటుంది, కారు కింద అదే ఉప్పు గాలి చేసిన నిర్వాకం చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. ముందు చక్రాల బ్రేకు డిస్కులు నేనే మార్చుకుందామని కుడి చక్రం విప్పాను, డిస్కును పట్టి ఆపే కాలిపర్ తీశాను. అరగంట కూడా పట్టలేదు. మిగిలినవి డిస్కు మీది రెండు చిన్న స్క్రూలు. వాటికి మూడు ఆదివారాలు పట్టింది!

నిజానికి ఆ స్క్రూలు డిస్కును మోసేవి కావు. ఫ్యాక్టరీలో చక్రం ఎక్కించేదాకా డిస్కు జారకుండా ఉండటానికి పెట్టినవి. ఆ తర్వాత దాన్ని నొక్కిపట్టేది చక్రం నట్లే. అక్కడ వాళ్లకు కాసేపటి సౌకర్యం, ఇన్నేళ్లకు ఇక్కడ నాకు చెమటలు.

సరే, దాన్నీ భరిస్తాను. నా కోపమంతా స్టార్ స్క్రూడ్రైవర్ మీద. వీధి చివర షెడ్డు కుర్రాణ్ని పిలిస్తే, వచ్చీ రాగానే అది పెట్టి ఒంట్లో బలమంతా వేసి తిప్పాడు. కర్రుమంది. ఒక స్క్రూ తల నున్నగా అరిగిపోయింది. "గ్రైండర్ తెస్తా సార్" అన్నాడు. గోటితో పోయేదానికి గొడ్డలి!

పాత జపాన్ బళ్ల స్క్రూలు చూడటానికి స్టార్ లాగే ఉంటాయి కానీ కొలత వేరు. దాన్ని జేఐఎస్ అంటారు, జపాన్ వాళ్ల ప్రమాణం. కొన్నిటి తల మీద చిన్న చుక్క కూడా ఉంటుంది. మామూలు స్టార్ బిట్టు, అంటే ఫిలిప్స్, అందులో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి ఎగదన్నుతుంది. తప్పు స్క్రూడ్రైవర్‌ది, తిట్లు తుప్పుకి.

తుప్పు పత్తిత్తని కాదు. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, స్క్రూ మర సందుల్లో బిర్రబిగుసుకుంటుంది. అందరూ డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టమన్నారు. అది 1953లో తేమను తరమడానికి తయారైన సరుకు, డబ్ల్యూడీ అంటే అర్థమే అది. డిస్కులోకి దిగిపోయిన స్క్రూ తల చుట్టూ రాత్రంతా నానబెట్టినా చుక్క లోపలికి పోలేదు.

చివరికి పుదుపేటలో పాత సామాన్ల కొట్టు పెద్దాయన, నెల్లూరు వైపు మనిషి, విషయం విని నవ్వాడు. "అబ్బయా, ఇది తిప్పితే వచ్చేది కాదు, కొడితే వచ్చేది" అని ఇనప కడ్డీలాంటి ఇంపాక్ట్ డ్రైవర్ చేతిలో పెట్టాడు. సుత్తితో వెనక కొడితే బిట్టును లోపలికి నొక్కుతూనే కాస్త తిప్పుతుంది. ఆ అదురుకు తుప్పు పట్టు వదులుతుంది. (మొదటి దెబ్బ బిగించే వైపు పెట్టి కొట్టాను. ఇంట్లో చెప్పలేదు.) వైపు మార్చి నాలుగు దెబ్బలు వేస్తే బాగున్న స్క్రూ వచ్చేసింది. అరిగినదాని తల డ్రిల్లుతో తీసేశాను. అప్పటికీ డిస్కు కదల్లేదు. దాని మీదున్న మర రంధ్రాల్లో రెండు 8 ఎంఎం బోల్టులు మార్చి మార్చి బిగిస్తే ఊడివచ్చింది. మిగిలిన మొండెం గ్రిప్ ప్లయర్‌కి లొంగింది.

కొత్త స్క్రూలకు కాపర్ గ్రీజు పూసి, జేఐఎస్ బిట్టుతో పెట్టాను. అసలు పెట్టకపోయినా ఏం కాదని మా బావమరిది వాదన. ఇంకోసారి డిస్కు మార్చేది వాడైతే అలాగే కానిద్దాం.

ఎడమ చక్రం ఇంకా ముట్టుకోలేదు. డిస్కులు జంటగా మార్చాల్సిందే కాబట్టి అందాకా బండి గేటు దాటదు.