సవరణ: ఆ డాక్యుమెంటరీ విరాళాలు ఎవరికంటే

హంగేరియన్ మైనారిటీ హక్కుల కోసం ఒక డాక్యుమెంటరీని ఊరూరా ప్రదర్శిస్తూ విరాళాలు పోగుచేస్తున్నారని మొన్న రాశాను. ఆ డబ్బు హంగేరీలోని రోమాల (జిప్సీలని పిలిచే జనం) వంటి మైనారిటీలకు వెళ్తుందన్నాను. అది తప్పు, నిర్వాహకుల ప్రకటన సరిగ్గా చదవకుండా రాసేశాను.

విరాళాలు హంగేరీ బయట ఉన్న హంగేరియన్ల కోసం, ముఖ్యంగా రొమేనియాలోని ట్రాన్సిల్వేనియా వాళ్ల కోసం. వీళ్లు వలసవెళ్లినవాళ్లు కారు. 1920 జూన్ 4న ట్రయనాన్ ఒప్పందంతో హంగేరీ మూడింట రెండు వంతుల భూభాగం పోగొట్టుకుంది. లక్షల మంది హంగేరియన్లు తమ ఊళ్లోనే ఉండి పొరుగు దేశాల పౌరులైపోయారు. రొమేనియా 2021 జనగణనలో హంగేరియన్లుగా నమోదైనవాళ్లు సుమారు 10 లక్షలు.

"అంటే వేరే దేశం అడుగుతున్నారా?" అని కొందరు అడిగారు. ప్రకటనలో ఆ మాట లేదు, ఉన్నది బడి, భాష, ఆఫీసు గొడవ. ట్రాన్సిల్వేనియాలో హంగేరియన్లు ఎక్కువగా ఉండే సెకెయ్ ప్రాంతానికి స్వయంప్రతిపత్తి కావాలనే డిమాండ్ విడిగా ఉంది గానీ, అదీ రొమేనియాలో ఉంటూనే. రొమేనియాలో 2001 చట్టంతో వచ్చిన నియమం ప్రకారం ఊరి జనాభాలో మైనారిటీ 20 శాతం దాటితే స్థానిక ఆఫీసుల్లో వాళ్ల భాష వాడొచ్చు. సెకెయ్ ప్రాంతంలోని స్ఫంతు గెయోర్గె పట్టణం బోర్డు మీద రొమేనియన్ పేరుతో పాటు షెప్షిసెంట్‌గ్యోర్గి అనే హంగేరియన్ పేరు కూడా కనిపించేది అందుకే. 19 శాతం ఉన్న ఊరికి ఆ హామీ లేదు. ఇలాంటి గీతలే నాకు ఎప్పుడూ వింతగా ఉంటాయి.

రోమాలకని విరాళం ఇద్దామనుకున్నవాళ్లు ఇది గమనించండి. పాత పోస్టులో ఆ వాక్యం మార్చాను.