అమ్మ చెప్పిన మాట కేసు షీటులోకి ఎక్కాలి

మూడేళ్ళ కిందట వరదలు తీసిన నెలలో మా చెల్లెలి కొడుకుకు డెంగీ వచ్చింది. వాడికి అప్పుడు నాలుగేళ్ళు. మాది కోనసీమలో పి.గన్నవరం పక్కన కాలువ గట్టు మీద ఊరు. ఆ రోజుల్లో కొబ్బరితోటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, దోమలకు కొదవ ఉండదు. పట్నంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాము. అయిదో రోజు సాయంత్రం జ్వరం దిగింది, రేపో మాపో ఇంటికి పంపిస్తామన్నారు. మా చెల్లెలు మాత్రం రాత్రి తొమ్మిది గంటల నుంచి డ్యూటీలో ఉన్నవారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళి, "వీడు నా పిల్లాడిలా లేడండి, పిలిస్తే చూడటం లేదు, కడుపు పట్టుకుని మూలుగుతున్నాడు" అని చెప్పింది. జ్వరం తగ్గాక నీరసం మామూలేనని ఒకసారి అన్నారు. మరోసారి థర్మామీటరు పెట్టి చూసి వెళ్ళిపోయారు. మూడోసారి "నువ్వు కంగారుపడి అందరినీ కంగారుపెట్టకమ్మా" అన్నారు. ఒంటిగంట దాటాక పక్క వార్డు నుంచి వచ్చిన ఒక సిస్టరు గారు ఆ మాట విని, పిల్లాడి పాదాలు ముట్టుకుని, అవి చల్లబడ్డాయని గ్రహించి బీపీ చూశారు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య తేడా 20 కూడా లేదు, అంటే రక్తప్రసరణ పడిపోతోందన్నమాట. అరగంటలో పెద్ద డాక్టరు గారు వచ్చారు, సెలైను పెంచారు, పిల్లాడు దక్కాడు.

డెంగీలో జ్వరం దిగే సమయమే ప్రమాద సమయమని ఇప్పుడు నాకు తెలుసు. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోయేది అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగతగా పడి ఉండటం, చిరాకు దాని హెచ్చరికలు. అంటే మా చెల్లెలు చెప్పిన మూడు మాటల్లో రెండు వైద్య పుస్తకంలో ఉన్న లక్షణాలే. ఆమె తెచ్చిన సమాచారాన్ని ఎవరూ సమాచారంగా తీసుకోలేదు, తల్లి ఆందోళనగా తీసుకుని పక్కన పెట్టారు.

మన తల్లుల భాషలో ఎంత వైద్యం ఉందో ఒక్కసారి ఆలోచించండి. "డొక్కలు ఎగరేస్తున్నాడు" అని గోదావరి లంకలోని తల్లి అన్నదంటే, ఊపిరి లోపలికి పీల్చినప్పుడు పక్కటెముకల కింద చర్మం లోనికి పోతోందని అర్థం; అది న్యుమోనియాకు గట్టి గుర్తు. "మాడు గుంటపడింది" అంటే విరోచనాలతో పసిబిడ్డ ఒంట్లో నీరు తగ్గిపోయిందని అర్థం. "పాలు పట్టడం లేదు, కళ్ళు తేలేస్తోంది" అన్న మాటకు ఎంత విలువ ఉందో ఏ ఏఎన్ఎంను అడిగినా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 1990లలో తయారుచేసిన పిల్లల వైద్య పద్ధతిలో మొట్టమొదటి మెట్టు బిడ్డకు ఏమి కష్టంగా ఉందో తల్లిని అడగటమే. ఆ పద్ధతినే మన దేశానికి అనువుగా మార్చి ఊళ్ళలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు నేర్పారు. పీహెచ్‌సీలో అడిగే ఆ ప్రశ్న పట్నంలోని పెద్ద ఆసుపత్రికి చేరేసరికి ఎక్కడ జారిపోతోందన్నదే నా బాధ.

వినడం అంటే రోగం గురించి మాత్రమే కాదు. "మంగళవారం మళ్ళీ తీసుకురండి" అని చీటీ మీద రాసి ఇచ్చేటప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగేవారు తక్కువ. గోదావరికి వరద వస్తే ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు. లంకకు దారి అయిన కనకాయలంక కాజ్‌వే లాంటివి నీట మునిగాక అవతలి తల్లికి పడవే దిక్కు. ఆమె మంగళవారం రాకపోతే నిర్లక్ష్యమని తిడతారు, ఆ తిట్టుకు భయపడి ఆమె తరువాతి వారం కూడా రాదు. ఇంకొకటి, ఓపీలో మాట్లాడేది చాలాసార్లు తండ్రో అత్తగారో. రాత్రంతా బిడ్డను ఎత్తుకుని కూర్చున్న మనిషి వెనుక నిలబడి ఉంటుంది. ఆమెను "మీరు చెప్పండమ్మా" అని పిలిచి అడగటానికి నిమిషం పడుతుంది.

పిల్లల మాట కూడా వినాలి. నేను పాఠం చెప్పే బడిలో ఒక అమ్మాయికి టైప్ 1 షుగరు ఉంది. మధ్యాహ్నం చక్కెర ఎక్కువగా ఉంటోందని ఇన్సులిన్ మోతాదు పెంచుతూ వచ్చారు. అసలు సంగతి ఏమిటంటే, తోటి పిల్లలు చూస్తారని సిగ్గుపడి ఆమె బడిలో సూది వేసుకోవడమే మానేసింది. నాతో చెప్పిన తరువాత స్టాఫ్‌రూమ్‌లో ఒక మూల చూపించాము, అంతే. తనకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి విలువ ఇవ్వాలని బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది; మన దేశం 1992లో అందులో చేరింది.

పొద్దుటి ఓపీలో ఒక్క డాక్టరు ఎంతమంది పిల్లలను చూడవలసి వస్తోందో నేను కళ్ళారా చూశాను, అందువల్ల ఇది ఒకరి మీద ఫిర్యాదుగా రాయడం లేదు. మనుషుల ఓపిక మీద ఆధారపడని ఏర్పాటు కావాలి. లండన్‌లో 2021లో మార్తా మిల్స్ అనే 13 ఏళ్ళ అమ్మాయి, ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌తో చనిపోయింది; పరిస్థితి విషమిస్తోందని తల్లిదండ్రులు చెబుతూనే ఉన్నారు. ఆమె పేరుతోనే ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో 2024 నుంచి ఒక నియమాన్ని అమలులోకి తెస్తున్నారు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని కుటుంబానికి అనిపిస్తే, ఆ వార్డుకు సంబంధం లేని మరో వైద్య బృందాన్ని వారే నేరుగా పిలవవచ్చు. అదికాక, ఎలా ఉందని రోజుకు ఒకసారైనా రోగినీ కుటుంబాన్నీ అడిగి, ఆ జవాబు నమోదు చేయాలి.

ఈ రెండవది, అంటే రోజూ అడిగి రాయడం, మనం రేపే మొదలుపెట్టవచ్చు. కేసు షీటులో జ్వరం, నాడి రాసే గళ్ళ పక్కన ఒక గడి గీయాలి. ప్రతి డ్యూటీలోనూ సిస్టరు తల్లిని "నిన్నటికంటే బాగున్నాడా, దిగజారాడా?" అని అడిగి, ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే అందులో రాయాలి. దిగజారాడని రెండుసార్లు చెబితే పెద్ద డాక్టరు వచ్చి చూడాలి. రాత్రిపూట ఎవరికి ఫోను చేయాలో వార్డు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి.

మా పిల్లాడి కాగితాలు అడిగి తెచ్చుకున్నాము. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలన్న నిబంధన 2002 నుంచీ ఉంది. ఆ రాత్రి సిస్టరు గారు చూసిన బీపీ అందులో ఉంది. తొమ్మిది గంటల నుంచి మా చెల్లెలు చెప్పినది ఒక్క ముక్కా లేదు. ఆ గడి కోసం ఆసుపత్రి అభివృద్ధి కమిటీకి అర్జీ రాసి పెట్టాను. పిల్లల వార్డులో రాత్రులు గడిపిన అమ్మలు, అమ్మమ్మలు తాము ఏమి చెప్పారో, దానికి ఏ జవాబు వచ్చిందో ఇక్కడ కింద రాస్తే వాటినీ జతచేసి ఇస్తాను.